మట్టి లేని సేద్యమున బిందుధార: ఒక సమీక్ష

మట్టితో ప్రమేయము లేక, పోషక లవణములు కరగిన నీటి యాధారముననే మొక్కను పెంచు హైడ్రోపోనిక్స్ పద్ధతియు, నీటిని చుక్కచుక్కగా మొక్క మొదటికే చేర్చు డ్రిప్ పద్ధతియు వేర్వేరు దేశములలో, వేర్వేరు అవసరములు తీర్చుటకై పుట్టినవి. ఆ రెండును నేడు కలసిపోయి, పాలీహౌసు నీడలో కొబ్బరి పొట్టు సంచులపై టమాటా, కీరదోస, క్యాప్సికమ్ పండించు ఒకే విధానముగా హైదరాబాదు శివారులందును, బెంగుళూరు పరిసరములందును కానవచ్చుచున్నవి. విధానము స్థిరపడుచున్నను దానిని గూర్చిన వాదము మాత్రము స్థిరపడలేదు. నీటిని ఇంతగా పొదుపు చేయు సేద్యము వేరొకటి లేదని కొందరు, నీటిలో మిగిల్చినదానిని కరెంటులో ఖర్చు చేయించునని కొందరు, మట్టిని విడిచినది సేద్యమే కాదని మరికొందరు వాదించుచున్నారు. కాలువలో పారు ద్రావణముపై పెరుగు లెట్యూసు ఆకును గూర్చి కట్టిన లెక్కను సంచిలో పెరుగు టమాటాకు అన్వయించుట, హాలెండు చలిలో తేలిన ఫలితమును అనంతపురపు ఎండకు ఆరోపించుట ఈ వాదమున పరిపాటి యైనది. కావున ఏ పక్షము ఏ పంటను గూర్చి, ఏ పరిస్థితులలో, ఏమి చెప్పుచున్నదో విడదీసి చూచుట యుక్తము.

రెండు పాయల చరిత్ర

1699లో జాన్ వుడ్‌వర్డ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పుదీనా జాతి మొక్కలను వాన నీటను, థేమ్స్ నదీజలమునను, మట్టి కలిపిన నీటను పెంచి చూచి, తేట నీటికంటె మురికి నీటనే మొక్క బలముగా పెరుగుచున్నదని గుర్తించెను. మొక్కకు నీరొక్కటియే ఆహారము కాదని సూచించిన ఆ ప్రయోగము పూర్తి ఫలితమునకు వచ్చుటకు నూటయరువది యేండ్లు పట్టినది. 1860 ప్రాంతమున జర్మనీలో జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ క్నాప్ అను శాస్త్రజ్ఞులు, తూచి కలిపిన లవణముల ద్రావణమున, మట్టి రేణువైనను లేకుండ మొక్కలను పెంచి చూపిరి.

గాజు సీసాలలోని ఈ విద్యను వ్యవసాయముగా మార్చదలచినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విలియం గెరిక్. 1929 మొదలు ఆయన నీటి తొట్లలో పెంచిన టమాటా తీగలు పత్రికలకెక్కగా, ప్రజల ఆశలు హద్దు మీరినవి. ఆ విశ్వవిద్యాలయముననే పనిచేయుచుండిన డెన్నిస్ హోగ్లండ్, డేనియల్ ఆర్నన్ అనువారు 1938లో ప్రకటించిన చిన్న పుస్తకమున ఆ ఆశలకు కళ్ళెము వేసిరి. మంచి నేలకంటె నీటి సేద్యము స్వభావసిద్ధముగా హెచ్చు దిగుబడి నిచ్చునది కాదనియు, వెలుతురు, వేడిమి మొదలగు పరిస్థితులు రెండింటికిని సమానముగనే హద్దు గీయుననియు వారు తేల్చిరి. ఎనుబది యేండ్లు దాటినను, ఈ రంగమున ప్రచార పత్రములు వ్రాయువారు ఆ తీర్పును చదివిన జాడ కానరాదు.

రెండవ ప్రపంచ సంగ్రామము ముగియు కాలమున అసెన్షన్ వంటి రాతి దీవిలోను, ఆ పిమ్మట జపానులోని చోఫూలోను అమెరికా సైన్యము కంకర తొట్లలో కూరగాయలు పండించెను. అచ్చట ద్రావణము అడుగునుండి పైకి నిండి మరల దిగిపోవునదే గాని, పైనుండి చుక్కగా పడునది కాదు. మన దేశమున 1946లో నాటి డార్జిలింగు జిల్లా కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ మొదలిడిన ప్రయోగములు ఇంకను భిన్నమైనవి. రాతి ముక్కలు, ఇసుక కలిపి నింపిన తొట్టిలో పొడి ఎరువు చల్లి, చేతితో నీరు పోయుటయే ఆయన పద్ధతి. పంపు లేదు, గొట్టము లేదు, కరెంటు అక్కరలేదు. ఆయన గ్రంథము వలన బెంగాల్ పద్ధతి యను పేరు లోకమున ప్రచారమునకు వచ్చెను. మట్టి లేని సేద్యము పరదేశపు పాలీహౌసులతోడనే మన దేశమునకు వచ్చినదని తలచువారు ఈ ప్రకరణమును మరచుచున్నారు.

డ్రిప్ చరిత్ర మరియొక పాయ. ఇంగ్లండు గాజుగృహములలో యుద్ధానంతరము సన్నని గొట్టములతో కుండీలకు నీరందించు అలవాటు కొంత ఉండినను, అది పరిశ్రమగా రూపొందినది ఇజ్రాయెల్‌లో. నీటిని సన్నని మెలికల దారిలో నడిపించి వేగమును అణచు ప్లాస్టిక్ డ్రిప్పరును సిమ్హా బ్లాస్ అను ఇంజనీరు రూపొందింపగా, దానిని తయారుచేయుటకై 1965లో హట్జెరిమ్ అను కిబుట్జ్‌లో (సామూహిక వ్యవసాయ గ్రామమున) నెటాఫిమ్ సంస్థ ఆరంభమైనది. ఆ డ్రిప్పరు ఎడారి నేలకై పుట్టినది.

ఈ రెండు పాయలు కలిసినది హాలెండు గాజుగృహములలో. ఏటేట అదే నేలలో టమాటా, కీరదోస వేయుటచే తెగుళ్ళు పెచ్చు పెరుగ, నేలను ఆవిరితో కాచి శుద్ధిచేయుట అచ్చటి ఆచారముగ నుండెను. 1973 నాటి చమురు సంక్షోభముతో ఆవిరి వెల పెరిగెను. డెన్మార్కునుండి వచ్చిన రాతినూలు దిమ్మలమీద మొక్క నాటి, ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క డ్రిప్పరుతో ద్రావణము పోసినచో నేల జోలియే యుండదని రైతులు కనుగొనిరి. కావున డ్రిప్ హైడ్రోపోనిక్స్ మొదట నీటి పొదుపునకై వచ్చినది కాదు. తెగులు పట్టిన నేలనుండి తప్పించుకొనుటకై వచ్చినది. నేటి వాదమున ఈ మూలకారణము మరుగుపడినది.

మన ప్రాంతమున డ్రిప్ ముందు నడిచెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003 నవంబరులో సూక్ష్మ సేద్య పథకము మొదలైనది మొదలు రాయితీతో లేటరల్ పైపులు చేనుచేనునకు చేరినవి. అనంతపురపు చీనీ తోటల రైతుకు డ్రిప్పరు, ఫిల్టరు, ఎరువును నీటిలో కలుపు వెంచురీ కొత్తవి కావు. నారుమళ్ళ స్థానమున ప్రోట్రేలలో కొబ్బరి పొట్టు నింపి మిరప, టమాటా నారు పెంచు నర్సరీలును సర్వసాధారణములే. కనుక ఈ పద్ధతియందలి పరికరములన్నియు తెలుగు రైతునకు విడివిడిగా పరిచితములు. వాని కలయికయే నూతనము.

సంచిలోని వేరు, డ్రిప్పరులోని రంధ్రము

ఇట్టి పాలీహౌసులో ఒక వరుసను దగ్గరగా చూచినచో విషయము తేటపడును. మీటరు పొడవు గల తెల్లని ప్లాస్టిక్ సంచిలో కొబ్బరి పొట్టు, దానిలో మూడు నాలుగు టమాటా మొక్కలు. ప్రక్కనే లేటరల్ పైపు, దానినుండి చీలిన సన్నని ట్యూబు, ఆ ట్యూబు కొసను మొక్క మొదట గ్రుచ్చిన చిన్న ప్లాస్టిక్ పుల్ల. గంటకు 2 లీటర్లు విడుచు డ్రిప్పరు 3 నిమిషములు నడచినచో 100 మిల్లీలీటర్లు పడును. ఎండ హెచ్చిన దినమున అట్టి విడతలు ఇరువదికి తక్కువ కాకుండ సాగును. సంచి అడుగున కోసిన చీలికనుండి మిగులు ద్రావణము కారి కాలువలో చేరును. వేరు చుట్టు ఉప్పు పేరుకొనకుండ కడుగుటకై, పోసినదానిలో నాలుగవ వంతు వరకు ఇట్లు కారిపోవునట్లు ఏర్పాటు చేయుదురు. ఇది వృథా కాదు, ఈ పద్ధతికి ప్రాణము.

చేనులో ఒక డ్రిప్పరు పదవ వంతు తక్కువ విడిచినను, ఒక పూట మూసుకుపోయినను మట్టి ఆ లోపమును కప్పిపుచ్చును. వేరు ప్రక్కకు సాగి తడిని వెదకుకొనును. సంచిలోని వేరునకు ఆ వెసులుబాటు లేదు. ఒక్కొక్క మొక్కకు దక్కునది మూడు నాలుగు లీటర్ల పొట్టు మాత్రమే. మే మాసపు మధ్యాహ్నమున మూసుకుపోయిన డ్రిప్పరును సాయంకాలము వరకు కనిపెట్టనిచో ఆ మొక్క వాడిపోవును. వాడిన మొక్క తేరుకొన్నను, కాయ అడుగు నల్లబడు లోపము తరువాత బయటపడును. పైగా ఈ డ్రిప్పరు గుండ పోవునది వట్టి నీరు కాక లవణ ద్రావణము. కాల్షియము, ఫాస్ఫేటు కలిసినచోట సున్నము వంటి మడ్డి కట్టును. అందుకే కాల్షియం నైట్రేటును ఒక తొట్టిలోను, సల్ఫేట్లు ఫాస్ఫేట్లను వేరొక తొట్టిలోను చిక్కగా కలిపియుంచి, నీటితో పలుచనైన పిదపనే రెంటిని కలియనిత్తురు. ద్రావణపు ఆమ్లత్వమును, అనగా పి.హెచ్. విలువను, 5.5–6.5 మధ్య నిలుపుటయు, పంటల నడుమ లైనులను ఆమ్లముతో కడుగుటయు, 120 మెష్‌కు తగ్గని ఫిల్టరు పెట్టుటయు ఈ కారణముననే.

మంచి నిర్వాహకులు ప్రతి వరుసలో ఒక డ్రిప్పరును సంచికి కాక ఒక సీసాకు అమర్చి, ఒక సంచి క్రింద పళ్ళెముంచి, పోసినదెంతయో కారినదెంతయో ప్రతిదినము కొలుతురు. కారిన ద్రావణపు విద్యుద్వాహకత పోసినదానికంటె బాగుగా పెరిగినచో సంచిలో ఉప్పు చేరుచున్నదని గ్రహింతురు. లక్షల రూపాయల కంట్రోలరు తెరమీద చూపు అంకెలకంటె, సీసాలోని ఈ నీటిని నమ్ముటయే క్షేమము.

ప్రవాహమా, సంచియా, నేలయా

మొదటి పక్షము ప్రవాహవాదులది. ఇంగ్లండులోని లిటిల్‌హాంప్టన్ పరిశోధనాలయమున అలెన్ కూపర్ రూపొందించిన ఎన్.ఎఫ్.టి. పద్ధతిలో, వాలుగా నుంచిన కాలువ అడుగున పలుచని ద్రావణపు పొర నిరంతరము పారుచు, మొక్క త్రాగగా మిగిలినది తొట్టికి చేరి మరల వచ్చును. పొట్టు వంటి మాధ్యమము కొనవలసిన పని లేదు, పారవేయవలసిన పని లేదు. డ్రిప్పరు మూసుకుపోవు చింత లేదు. ఆకుకూరలకు, ముప్పది నలువది దినములలో కోతకు వచ్చు లెట్యూసునకు దీనికి సాటి లేదు. అయితే పంపు ఆగినచో వేళ్ళ క్రింద నిలువ యుండునది ఏమియు లేదు. వేడి మరియొక శత్రువు. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగా, 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములు మాత్రమే కరగును. వేరునకు శ్వాస ఎక్కువగా కావలసిన వేడిలోనే వాయువు తక్కువగును. శిలీంధ్రమును పోలిన పితియమ్ అను సూక్ష్మజీవివలన కలుగు వేరుకుళ్ళు అట్టి అదను కొరకే కాచుకొనియుండును. ద్రావణమును చల్లార్చు యంత్రము పెట్టినచో వేరు బ్రతుకును గాని, కరెంటు బిల్లు రైతును నిద్రపోనీయదు.

రెండవది మాధ్యమముపై డ్రిప్‌ను సమర్థించు పక్షము. పొట్టులో గాలియు తడియు రెండును నిలుచును. కరెంటు గంట పోయినను పంట నిలుచును. ఆరేడు అడుగులు ప్రాకు టమాటా తీగకు పట్టు దొరకును. హాలెండు రాతినూలు వాడుక తీరిన పిమ్మట కుళ్ళదు. కొబ్బరి పొట్టు తుదకు చేనుకు ఎరువగును. పొల్లాచ్చి, కోనసీమ వంటి కొబ్బరి సీమలు గల దక్షిణ దేశమునకు ఇది స్వదేశీ మాధ్యమము. కాని ఉప్పునీటిలో నానిన పీచునుండి వచ్చిన పొట్టున సోడియము, పొటాషియము పట్టియుండును. దానిని నీటితో కడిగి, కాల్షియం నైట్రేటు ద్రావణమున నానబెట్టినగాని వాడరాదు. కడుగని చౌక పొట్టు కొని, మొదటి పంటలోనే కాల్షియపు లోపముతో నష్టపడి, పద్ధతినే నిందించువారు కలరు.

మూడవది నేల పక్షము. ఇదే డ్రిప్‌ను మట్టిలోనే వేసి, పైన మల్చింగు షీటు పరచినచో పొదుపులో అధికభాగము సిద్ధించును గదా, సంచులకు పొట్టుకు ఇంత పెట్టుబడి ఏల యని వీరి ప్రశ్న. చవుడు లేని, నులిపురుగులు లేని, ఎండుతెగులు లేని నేల యున్నవానికి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట కష్టము. ఈ పక్షముననే మరియొక శాఖ సేంద్రియ సేద్యవాదులది. అమెరికాలో జాతీయ సేంద్రియ ప్రమాణముల బోర్డు 2010లో మట్టి లేని సేద్యమునకు సేంద్రియ ముద్ర తగదని సిఫారసు చేసియు, 2017లో నిషేధ ప్రతిపాదనను స్వల్ప ఆధిక్యముతో త్రోసిపుచ్చెను. ఐరోపా సమాఖ్య 2018 నాటి నిబంధనలలో దానిని స్పష్టముగా తోసివేసెను. అట్లాంటికునకు ఈవల సేంద్రియము కానిది ఆవల అగుచున్నదన్నమాట.

వీరి నడుమ వినబడని నాల్గవ గొంతు ఒకటి కలదు. హవాయి విశ్వవిద్యాలయపు బెర్నార్డ్ క్రాట్కీ ప్రచారము చేసిన, పంపు లేని నిలువ ద్రావణపు పద్ధతియు, మన బెంగాల్ పద్ధతియు ఆ కోవలోనివి. పెరటి ఆకుకూరలకు ఇవి చాలును. వీనిని గూర్చి ఎవ్వరును ఎక్కువగా మాటాడకుండుటకు, అమ్మదగిన యంత్రమేదియు వీనిలో లేకపోవుటయే కారణము కాబోలు.

ఈ పక్షములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఇట్లు తోచును. ఆకుకూరకును, నమ్మదగిన కరెంటునకును, చల్లని గాలికిని ప్రవాహము తగును. కాయకూరకును, వేడి సీమకును, అప్పుడప్పుడు ఆగు కరెంటునకును సంచియు డ్రిప్పును తగును. ఆరోగ్యమైన నేలకు నేలయే తగును. ప్రతి పక్షము తనకు తగిన చోట గెలిచి, ఆ గెలుపును సర్వత్ర చాటుచున్నది.

నీటి లెక్కలోని మెలిక

నీటి పొదుపును గూర్చి తరచుగా ఉదహరింపబడునది అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రకటించిన లెట్యూసు లెక్క. కిలో లెట్యూసునకు ఆరుబయటి నేలలో 250 లీటర్ల నీరు కాగా, హైడ్రోపోనిక్స్‌లో 20 లీటర్లే చాలునని వారి అంచనా. చదరపు మీటరునకు ఏటి దిగుబడి నేలలో 3.9 కిలోలు, హైడ్రోపోనిక్స్‌లో 41 కిలోలు. ప్రచారకులు ఇంతవరకే చదువుదురు. అదే పట్టికలో కిలోకు కావలసిన శక్తి నేలలో 1,100 కిలోజౌళ్ళు, హైడ్రోపోనిక్స్‌లో 90,000 కిలోజౌళ్ళు. నీరు పండ్రెండవ వంతునకు తగ్గగా శక్తి ఎనుబది రెట్లు దాటినది. అందు అధికభాగము గృహమును వెచ్చజేయుటకు, చల్లార్చుటకు పోవునది. మన షేడ్‌నెట్లలో ఆ వ్యయము చాలవరకు ఉండదు. అట్లే ఆ దిగుబడియు ఉండదు.

అంతకంటె ముఖ్యమైన మెలిక వేరొకటి. ఆ లెక్క ద్రావణమును మరల మరల త్రిప్పువారిది. సంచి డ్రిప్ పెట్టిన మన రైతులలో అనేకులు కారినదానిని కారిపోనిత్తురు. ఎకరమునకు 10,000 టమాటా మొక్కలు, మొక్కకు దినమునకు 2 లీటర్లు, అందు నాలుగవ వంతు కారునది అనుకొన్నచో, ఎకరమునుండి ప్రతిదినము 5,000 లీటర్ల ద్రావణము బయటికి పోవును. దాని విద్యుద్వాహకత మీటరునకు 2.5 డెసిసీమెన్లని తీసికొన్నను, లీటరునకు సుమారు ఒకటిన్నర గ్రాముపైబడిన లవణము చొప్పున దినమునకు ఎనిమిది కిలోల ఎరువు, ఉప్పు నేల పాలగును. అందలి నైట్రేటు నేలలో నిలువక క్రిందికి దిగి, తుదకు అదే బోరులోనికి చేరును. రసాయనముల కల్తీ లేని పంటయని ఎవ్వరైన దీనిని అమ్మజూపినచో, కొనువారు పాలీహౌసు వెనుక భాగమును ఒకసారి చూచి రావలెను.

కారినదానిని పట్టి, వడగట్టి, అతినీలలోహిత కిరణములతోనో నెమ్మది ఇసుక ఫిల్టరుతోనో తెగులు బీజములను తొలగించి, తాజా ద్రావణముతో కలిపి మరల వాడుట హాలెండులో ఆచారమైనది. 2027 నాటికి గాజుగృహములనుండి నత్రజని, భాస్వరము బయటికి పోవుట దాదాపు సున్నకు తేవలెనని అచ్చటి లక్ష్యము. ఇది మనకును సాధ్యమేనా యనునది అసలు ప్రశ్న. హాలెండు రైతు గాజు కప్పుమీది వాన నీటిని పట్టి వాడును. హెక్టారునకు 500 ఘనమీటర్ల నిలువ అచ్చటి నియమము. వాన నీటిలో సోడియము దాదాపు లేదు. మన బోరు నీటిలో సోడియమును, బైకార్బొనేట్లును మెండు. టమాటా సోడియమును స్వల్పముగనే తీసికొనును గాన, త్రిప్పిన ప్రతిసారి అది ద్రావణమున పేరుకొనుచు, కొన్ని వారములకు మొత్తము పారబోయక తప్పని స్థితి వచ్చును. ఆర్.ఓ. యంత్రము పెట్టినచో దానినుండి వెలువడు ఉప్పునీటిని ఎక్కడ పోయవలెనను చిక్కు మరల మొదటికి వచ్చును.

కప్పు నీరు మనకును కలదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన గల అనంతపురమున, ఎకరము పాలీహౌసు కప్పుమీద పడునది 22 లక్షల లీటర్లు. పైన చెప్పిన పంట మూడువందల దినములు సాగినచో కావలసినది 60 లక్షల లీటర్లు. మూడవ వంతునకు మించి కప్పే ఇయ్యగలదు. బోరు నీటితో కలిపినచో ఉప్పు ఆ మేరకు పలుచనగును. ఆ వాన కొద్ది నెలలలోనే కురియును గనుక షీటు పరచిన పెద్ద కుంట కావలెను. కుంటకు స్థలము, ఖర్చు, ఎండకు ఆవిరియగు నష్టము ఉన్నవి. అయినను ఇతర మార్గములకంటె ఇదియే మేలని తోచుచున్నది. ఆర్.ఓ. యంత్రమునకై అప్పుచేయువారు కప్పు అంచున గట్టర్లు పెట్టుటకు వెనుదీయుట వింత.

తేలని విషయములు

కొన్ని వివాదములు ఇంకను తేలలేదు. తడవకు కొద్దిగా పలుమార్లు పోయుట మేలా, ఎక్కువగా కొన్నిమార్లు పోయుట మేలా యనునది మాధ్యమమును బట్టి మారుచున్నది. గడియారమును బట్టి కాక ఎండ తీవ్రతను బట్టి పోయవలెనని మాత్రము ఇరువురును ఒప్పుకొందురు. రుచిని గూర్చిన వాదమున ఉభయులును పంట రకమును లెక్కకు తీసికొనక మాటాడుచున్నారు. ద్రావణమున ఉప్పు పాలు పెంచినచో టమాటా చిన్నదై తీపి పెరుగునను సంగతి అనుభవసిద్ధము గనుక, మట్టి లేనంతమాత్రమున రుచి లేదనుట నిలువదు. ఒక పంటలో వాడిన పొట్టును ఎన్ని పంటల వరకు వాడవచ్చుననుటలోను ఏకాభిప్రాయము లేదు.

ఆర్థిక వివాదము అన్నింటికంటె జటిలము. వర్షాకాలమున టమాటా ధర కిలో వంద దాటినపుడు కట్టిన లాభపు లెక్కలను, అదే టమాటాను రోడ్డుపై పారబోయు మాసమునకు కూడ వర్తింపజేసి చూపు ప్రణాళికలు నమ్మదగవు. మదనపల్లి టమాటా మార్కెట్టు ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఏడాది పొడవునను హోటళ్ళతో నిలుకడైన బేరము కుదిరిన రంగు క్యాప్సికమ్‌నకో, చెర్రీ టమాటాకో ఈ పెట్టుబడి తాళును. సాదా టమాటాకు తాళుట కష్టము.

తెలుగు సీమలకు వచ్చునప్పటికి, తెగులు పట్టినదో చవుడు బారినదో అయిన నేలలో, నిలుకడైన ధర గల కాయకూరకు, కొబ్బరి పొట్టుపై డ్రిప్పే సరియైన మార్గమనుటకు సందేహము లేదు; కాని కారు ద్రావణమును పట్టని డ్రిప్పును నీటి పొదుపు పద్ధతిగా లెక్కింపరాదు. ఇట్టి పాలీహౌసు పెట్టదలచిన రైతు, కంపెనీవారు చూపు దిగుబడి పట్టికను ప్రక్కనబెట్టి, ముందుగా తన బోరు నీటిని పరీక్షకు పంపి, సోడియము, బైకార్బొనేట్లు ఎంతయో తెలుపు కాగితము చేతికి వచ్చువరకు సంచులకు అడ్వాన్సు ఇయ్యకుండుట మంచిది.